ఇంట్లో ఒక్కొక్కరిది ఒక్కో ప్రశ్న: పుట్టినప్పటి నుంచి పండు వయసు దాకా మనసు ఎలా ఎదుగుతుంది?

సంస్కారాల మీద చేసిన వీడియోలో టైమ్ సరిపోక వదిలేసిన ఒక విషయాన్ని ఇక్కడ కాస్త వివరంగా చెప్పుకుందాం.

మన ఇళ్లలో వేడుకలు పిల్లలతో ఆగిపోవు, గమనించారా? ఆరో నెలలో మొదటి ముద్ద తినిపిస్తే అన్నప్రాశన. పలక పట్టిస్తే అక్షరాభ్యాసం. అరవై నిండితే షష్టిపూర్తి. వెయ్యి పున్నములు చూసినవాళ్లకి సహస్ర చంద్ర దర్శనం. ఇంజినీర్‌ని కాబట్టి లెక్క వేయకుండా ఉండలేకపోయాను: పున్నమికీ పున్నమికీ మధ్య సగటున 29.53 రోజులు. వెయ్యితో గుణిస్తే 29,530 రోజులు, అంటే దాదాపు 80 ఏళ్ల 10 నెలలు. ఎనభై దాటిన మనిషి కూడా ఇంకో మెట్టు ఎక్కుతున్నాడని మన పెద్దవాళ్లు అనుకున్నారన్నమాట.

ఆధునిక మనోవిజ్ఞానం ఈ మాట దగ్గరికి రావడానికి కొంత కాలం పట్టింది. ఫ్రాయిడ్ దృష్టి ఎక్కువగా బాల్యం మీదే. స్విట్జర్లాండ్‌కి చెందిన జీన్ పియాజే పిల్లలు ఎలా ఆలోచిస్తారో అద్భుతంగా చెప్పాడు కానీ, ఆయన దశలు కౌమారంతో పూర్తయిపోతాయి. 1950లో ఎరిక్ ఎరిక్సన్ రాసిన "చైల్డ్‌హుడ్ అండ్ సొసైటీ" అనే పుస్తకంలో మొత్తం జీవితానికి, చివరి రోజుల దాకా, ఎనిమిది దశలు కనిపిస్తాయి. ఈ రోజు ముఖ్యంగా ఆయన ఆలోచన గురించే.

ముందు రెండు మాటలు: పెరుగుదల, వికాసం

టెట్, డీఎస్సీకి ప్రిపేర్ అయ్యే ఫ్రెండ్స్ ఎవరైనా ఉంటే అడగండి, ఈ తేడా నిద్రలో లేపినా చెప్తారు. పెరుగుదల అంటే కొలవగలిగేది: ఎత్తు, బరువు. అది ఒక వయసుకి ఆగిపోతుంది. వికాసం అంటే ఆలోచన, భావోద్వేగం, మనుషులతో మెలిగే తీరు, వీటన్నిటిలో వచ్చే మార్పు. అది ఆగదు.

ఇంకో మాట కూడా గుర్తుపెట్టుకోవాలి. జర్మనీకి చెందిన పాల్ బాల్టెస్ అనే శాస్త్రవేత్త, ఏ వయసులోనైనా లాభం, నష్టం రెండూ కలిసే నడుస్తాయని చెప్పాడు. పసిపిల్లలు ప్రపంచంలోని ఏ భాష శబ్దాల మధ్య తేడానైనా పట్టగలరు. మాతృభాష మీద పట్టు వస్తున్నకొద్దీ, మొదటి ఏడాది నిండే లోపే ఆ శక్తి చాలావరకు తగ్గిపోతుంది. అంటే నష్టం ముసలితనంలోనే మొదలవ్వదు, లాభం యవ్వనంతోనే ఆగిపోదు.

ఎరిక్సన్ చెప్పిన ఎనిమిది ప్రశ్నలు

ఎరిక్సన్ 1902లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో పుట్టాడు. కన్నతండ్రి ఎవరో ఆయనకి తెలియదు. వియన్నాలో ఫ్రాయిడ్ కూతురు అన్నా ఫ్రాయిడ్ దగ్గర శిక్షణ పొందాడు. 1933లో అమెరికా వెళ్లిపోయాడు. యూనివర్సిటీ డిగ్రీ లేకుండానే హార్వర్డ్‌లో ప్రొఫెసర్ అయ్యాడు. ఎరిక్సన్ అనే ఇంటిపేరు కూడా తాను పెట్టుకున్నదే. "నేనెవరు?" అనే ప్రశ్న మీద అంత పని చేసింది ఇలాంటి మనిషే కావడంలో ఆశ్చర్యం లేదు కదా!

ఆయన దశలని పట్టికలా బట్టీ పట్టకుండా ప్రశ్నల్లా చదువుకుంటే సులువుగా అర్థమవుతాయి:

1. మొదటి ఏడాది, ఏడాదిన్నర: ఈ లోకాన్ని నమ్మొచ్చా?
2. సుమారు మూడేళ్ల దాకా: నా పని నేను చేసుకోగలనా?
3. మూడు నుంచి ఆరు: నేనే ముందుకెళ్లి ఏదైనా మొదలుపెట్టొచ్చా?
4. ఆరు నుంచి పన్నెండు: నాకు ఏదైనా బాగా చేతనవుతుందా?
5. టీనేజ్: నేనెవరిని?
6. యవ్వనం: నన్ను నేను పోగొట్టుకోకుండా ఇంకొకరికి దగ్గర కాగలనా?
7. నడివయసు: తర్వాతివాళ్లకి నేనేం అందిస్తున్నాను?
8. వృద్ధాప్యం: నేను బతికిన బతుకు నాకు సమ్మతమేనా?

ప్రతి దశలోనూ ఒక సంక్షోభం ఉంటుందని ఆయన అన్నాడు. ఇక్కడ సంక్షోభం అంటే ప్రమాదం అనుకోవద్దు. నాలుగు రోడ్ల కూడలి లాంటిది. పాస్, ఫెయిల్ కూడా ఉండవు. మొదటి దశలో నమ్మకం పాలు ఎక్కువ ఉండాలి, కానీ అపనమ్మకం కూడా కొంచెం కావాలి, లేకపోతే ముక్కూ మొహం తెలియనివాడికి ఓటీపీ చెప్పేస్తాం. ఏ ప్రశ్నా ఒక్కసారితో తీరిపోదు. ఉద్యోగం పోయినప్పుడు నాలుగో ప్రశ్న మళ్లీ వస్తుంది. దగ్గరివాళ్లు మోసం చేస్తే మొదటి ప్రశ్న మళ్లీ తలుపు తడుతుంది.

ఇప్పుడు మా ఇంటినే తీసుకుని చూద్దాం. ఒకే కప్పు కింద నాలుగు తరాలు ఉన్నాం కాబట్టి ఉదాహరణల కోసం ఎక్కడికీ వెళ్లక్కర్లేదు.

రెండున్నరేళ్లు: "నేనే! నేనే!"

మా అక్క కూతురికి రెండున్నరేళ్లు. ప్రస్తుతం దాని నోట్లో ఒకటే మాట: "నేనే!" చెప్పులు నేనే వేసుకుంటా అంటుంది, కుడిది ఎడమకి, ఎడమది కుడికి. మనం సరిచేయబోతే అపార్ట్‌మెంట్ మొత్తానికి వినిపించేలా ఏడుస్తుంది. అమ్మ దాన్ని "మొండిఘటం" అంటుంది. ఎరిక్సన్ అయితే ఇది రెండో ప్రశ్న అంటాడు. ఈ వయసులో అవకాశం దొరికితే సంకల్పబలం వస్తుంది. ప్రతిసారీ నవ్వి, తిట్టి, లాక్కుంటే సిగ్గు, తన మీద తనకే అనుమానం మిగులుతాయి. లిఫ్ట్ దగ్గర రెండు నిమిషాలు ఆగితే సరిపోయే విషయం, నిజానికి.

అంతకుముందు దశ గురించి మేరీ ఐన్స్‌వర్త్ చేసిన ప్రయోగం ఒకటుంది. ఏడాది, ఏడాదిన్నర వయసు పిల్లల్ని తల్లితో పాటు కొత్త గదిలో కూర్చోబెట్టి, తల్లిని కాసేపు బయటికి పంపి, మళ్లీ లోపలికి రమ్మనేవారు. తల్లి వెళ్లగానే బిడ్డ ఏడ్చిందా లేదా అన్నదాని కంటే, తిరిగి రాగానే ఏం చేసిందన్నదే ఆమె ముఖ్యంగా చూసింది. తల్లి దగ్గరికొచ్చి, ఊరడిల్లి, మళ్లీ బొమ్మల దగ్గరికి వెళ్లిపోయే పిల్లలకి తల్లి ఒక భద్రమైన స్థావరం. చంకలో ఊరట దొరికిన బిడ్డే చంక దిగి ఆడుకోగలదు. "ఎత్తుకుంటే అలవాటైపోతుంది" అనే మాట విన్నప్పుడల్లా నాకు ఈ ప్రయోగం గుర్తొస్తుంది.

ఇరవై ఎనిమిదేళ్లు: "సెటిల్ ఎప్పుడు?"

ఇది నా విభాగం. మీలో చాలామందిది కూడా.

జేమ్స్ మార్షియా అనే ఆయన 1966లో ఎరిక్సన్ ఐదో ప్రశ్నని ఇంకాస్త విడగొట్టాడు. రెండు విషయాలు అడగాలన్నాడు: నువ్వు నాలుగు దారులు వెతికి చూశావా? ఏదో ఒకదానికి కట్టుబడ్డావా? వెతికి కట్టుబడితే గుర్తింపు సాధించినట్టు. ఇంకా వెతుకుతుంటే అది విరామ దశ. వెతకా లేదు, కట్టుబడా లేదు అంటే చెల్లాచెదురు. నాలుగోది మనకి బాగా తెలిసిందే: వెతక్కుండానే కట్టుబడిపోవడం. తలుపు ముందే మూసేయడం అన్నమాట.

పదో తరగతి, ఎంపీసీ, ఎంసెట్, సీఎస్‌ఈ, క్యాంపస్ ప్లేస్‌మెంట్. ఈ దారిలో ఎక్కడైనా "నీకేం కావాలి?" అని మనల్ని ఎవరైనా అడిగారా? అడగలేదని తిట్టడం లేదు. ఆ దారి చాలా ఇళ్లని అప్పుల్లోంచి బయటపడేసింది, మా ఇంటిని కూడా. కానీ పదిహేడేళ్లకి వాయిదా వేసిన ప్రశ్న ఎక్కడికీ పోదు. ఇరవై ఏడుకో, ఇరవై ఎనిమిదికో, జీతం బాగానే వస్తున్న రోజుల్లో, ఆదివారం సాయంత్రం వచ్చి పక్కన కూర్చుంటుంది. అప్పుడు మనలో ఏదో లోపం ఉందని భయపడతాం. లోపం ఏమీ లేదండి, ప్రశ్న లేటుగా వచ్చింది, అంతే.

సరిగ్గా అదే టైమ్‌లో ఇంట్లో సంబంధాలు చూడటం మొదలవుతుంది. పెళ్లిచూపుల్లో "ప్యాకేజ్ ఎంత?" అంటే టక్కున చెప్తాం. "నీకు ఏది ముఖ్యం?" అని ఎదుటివాళ్లు అడిగితే మాట తడబడుతుంది. ఐదో ప్రశ్నకి కొంతైనా జవాబు ఉంటే ఆరో ప్రశ్న తేలికవుతుందని ఎరిక్సన్ అభిప్రాయం. తనెవరో అసలు తెలియనివాడికి ఇంకొకరు దగ్గరకొస్తే, ఆ దగ్గరతనమే భయం పుట్టిస్తుంది.

అమెరికాలో జెఫ్రీ ఆర్నెట్ 2000లో, పద్దెనిమిది నుంచి పాతిక దాకా ఉన్న కాలానికి "ఉదయిస్తున్న యవ్వనం" అనే అర్థం వచ్చే పేరు పెట్టాడు. చదువులు పొడుగయ్యాయి, పెళ్లిళ్లు ఆలస్యమయ్యాయి, కాబట్టి టీనేజ్‌కీ పూర్తి స్థాయి పెద్దరికానికీ మధ్య కొత్త దశ ఒకటి వచ్చిందంటాడు. మన నాన్నల కాలంలో ఈ విరామం చాలామందికి దొరకలేదు. అందుకే మనం వెతుకుతుంటే వాళ్లకి తిరుగుతున్నట్టు కనిపిస్తుంది.

అరవై ఒకటి: నాన్న నోట్‌బుక్

నాన్న పోయినేడాది రిటైర్ అయ్యారు. మొదటి నెల పేపర్‌ని చివరి పేజీ దాకా చదివేవారు. రెండో నెల నుంచి అపార్ట్‌మెంట్ నీళ్ల ట్యాంకర్ల లెక్క తన చేతిలోకి తీసుకున్నారు. మోటార్ ఎన్ని గంటలు నడిచింది, బోరు ఏ నెలలో తగ్గింది, ట్యాంకర్ ఏ రోజు పిలిచాం, అన్నీ ఒక నోట్‌బుక్‌లో. ఇప్పుడు రెండో ఫ్లోర్‌లో ఇంటర్ చదివే అబ్బాయిని పక్కన కూర్చోబెట్టుకుని ఆ లెక్క నేర్పిస్తున్నారు.

ఎక్సెల్‌లో పది నిమిషాల పని, నిజమే. కానీ ఏడో ప్రశ్న తెలిస్తే ఆ నోట్‌బుక్ వేరేలా కనిపిస్తుంది. మన పాఠ్యపుస్తకాల్లో ఈ దశకి "ఉత్పాదకత" అని పేరు. ఫ్యాక్టరీ మాటలా ఉంటుంది కానీ, ఎరిక్సన్ ఉద్దేశం తర్వాతి తరాన్ని నిలబెట్టడం, తనకి తెలిసింది అందించడం. అందుకునే చెయ్యి దొరక్కపోతే మనిషి స్తబ్దుగా అయిపోతాడు. ముప్పై ఏళ్లు పదిమందికి పని చెప్పిన మనిషిని "మీరు రెస్ట్ తీసుకోండి నాన్నా" అనడం మన ప్రేమే. ఆయన చెవికి మాత్రం "మీ దగ్గర తీసుకోవడానికి ఇంకేం లేదు" అని వినిపించే ప్రమాదం ఉంది.

బుర్ర మందగిస్తుందా అంటే, కొంత అవును. కొత్త సమస్యని చకచకా తేల్చే వేగం యవ్వనం తర్వాత నెమ్మదిగా తగ్గుతుంది. కానీ పదసంపద, లోకజ్ఞానం, అనుభవంతో వచ్చే తీర్పు చాలా ఏళ్లు నిలుస్తాయి, నడివయసు దాటాక కూడా పెరగొచ్చు. బాల్టెస్ పియానో విద్వాంసుడు ఆర్థర్ రూబిన్‌స్టైన్ ఉదాహరణ ఇచ్చేవాడు. ఎనభై ఏళ్ల వయసులో కూడా ఎలా వాయిస్తున్నారంటే ఆయన మూడు కిటుకులు చెప్పాడట: తక్కువ కృతులు ఎంచుకోవడం, వాటినే ఎక్కువ సాధన చేయడం, వేగంగా వాయించాల్సిన చోటుకి ముందు కాస్త నెమ్మదించడం, అప్పుడు వేగం ఎక్కువగా ఉన్నట్టు వినిపిస్తుంది. ఎంచుకో, సాన పెట్టు, లోటు పూడ్చుకో. రిటైర్ అయినవాళ్లకే కాదు, మనకీ పనికొచ్చే సూత్రం.

ఎనభై రెండు: అదే కథ మళ్లీ మళ్లీ

మా నానమ్మది దివిసీమలో ఒక పల్లెటూరు. 1977 నవంబర్ 19 ఉప్పెన గురించి ఆవిడ చెప్పే కథ మా ఇంట్లో అందరికీ కంఠతా వచ్చు. సాయంత్రం గాలి, చీకట్లో నీళ్లు, డాబా మీద ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని తెల్లారేదాకా కూర్చోవడం. చివర్లో ఎప్పుడూ ఒకటే మాట: "భూమ్మీద ఇంకా నూకలున్నాయి మనకి."

పోయినేడాది సహస్ర చంద్ర దర్శనం చేసిన దగ్గర్నుంచి ఆ కథ అక్కడ ఆగడం లేదు. పక్కన పూరింట్లో ఉండే ఒకావిడ గురించి కూడా చెప్తోంది. "మధ్యాహ్నమే పిలిచి డాబా మీదికి రమ్మనాల్సింది" అంటుంది. కాసేపాగి, "ఎవరికి తెలుసు, అంత నీళ్లొస్తాయని" అని తనే అంటుంది. ఆవిడ పేరు ఇన్నేళ్లలో మేం ఎప్పుడూ వినలేదు. ఇప్పుడు ప్రతిసారీ వస్తోంది.

రాబర్ట్ బట్లర్ అనే అమెరికన్ సైకియాట్రిస్ట్ 1963లో దీని గురించి రాశాడు. పెద్దవాళ్లు గతాన్ని తవ్వుకోవడాన్ని అప్పట్లో చాదస్తంగానో, మతి తప్పడంగానో చూసేవారు. అది సహజమైన పని, జీవితాన్ని తిరిగి సమీక్షించుకోవడం అని ఆయన వాదించాడు. ఎనిమిదో ప్రశ్న సరిగ్గా ఇదే. బతికిన బతుకులో మంచి, చెడు, చేజారినవి అన్నీ కలిపి ఒక్క కథగా ఒప్పుకోగలిగితే సమగ్రత. లేకపోతే నిరాశ. ఈ పెనుగులాటలోంచి వచ్చే శక్తికి ఎరిక్సన్ పెట్టిన పేరు వివేకం.

ఒంటరిగా చేసుకోవడానికి ఈ సమీక్ష చాలా కష్టం. వినేవాళ్లు కావాలి. "ఇది చెప్పావులే నానమ్మా" అనే ముందు, ఈసారి కొత్తగా ఏ వాక్యం చేరిందో వినండి. ఒక జాగ్రత్త మాత్రం: అడిగిన ప్రశ్నే పది నిమిషాల్లో మళ్లీ అడగడం, తెలిసిన దారి తప్పడం, ఇంట్లోవాళ్లని గుర్తుపట్టకపోవడం లాంటివి కనిపిస్తే అది జీవిత సమీక్ష కాదు. డాక్టర్‌కి చూపించాలి.

ఆశ్రమాలకీ ఈ దశలకీ పోలిక ఉందా?

మన ఛానల్ చూసేవాళ్లకి ఈపాటికి ఈ అనుమానం వచ్చే ఉంటుంది. ఈ పోలిక తీసుకొచ్చినవాళ్లలో ముఖ్యుడు, మెకానికల్ ఇంజినీరింగ్ చదివి మనోవిశ్లేషణ వైపు వెళ్లిన సుధీర్ కకర్. మన బ్యాచే అనుకోండి! ఎరిక్సన్ 1962లో అహ్మదాబాద్ వచ్చాడు. 1918 నాటి అక్కడి మిల్లు కార్మికుల సమ్మె, అందులో గాంధీజీ పాత్ర మీద ఆయన రాసిన "గాంధీస్ ట్రూత్" 1969లో వచ్చింది, తర్వాతి ఏడాది పులిట్జర్ బహుమతి పొందింది. సమ్మెనాటికి గాంధీజీకి 48 ఏళ్లు, అంటే ఏడో ప్రశ్న వయసు. దేశానికి అంత అందించిన మనిషి సొంత ఇంటివాళ్ల విషయంలో ఎంత కఠినంగా ఉన్నారో కూడా ఎరిక్సన్ అందులో దాచకుండా రాశాడు.

కకర్‌కి ఎరిక్సన్ పరిచయమైంది కూడా అహ్మదాబాద్‌లోనే. 1968లో ఆయన ఆశ్రమాలనీ ఎరిక్సన్ దశలనీ పక్కపక్కన పెట్టి ఒక వ్యాసం రాశాడు. బ్రహ్మచర్యంలో సామర్థ్యం, నిబద్ధత. గృహస్థాశ్రమంలో ప్రేమ, పోషణ. వానప్రస్థంలో ఆ పోషణే ఇంటి గడప దాటి విస్తరించడం. సన్యాసంలో వివేకం. నాన్న నోట్‌బుక్ ఏ ఆశ్రమంలో ఉందో మీరే చెప్పండి.

అలాగని "ఇవన్నీ మనవాళ్లు ముందే చెప్పేశారు" అని చేతులు దులుపుకోవడం సరికాదు. రెండూ ఒకటే కావు. ఆశ్రమాలు మనిషి ఎలా బతకాలో చెప్పే ధర్మం, ఎరిక్సన్ చెప్పింది మనుషుల్ని గమనించి వేసిన నమూనా. పాత ధర్మసూత్రాల్లో ఆశ్రమాలు వరుస మెట్లుగా కాక, వేర్వేరు జీవన మార్గాలుగా, ఎంచుకునేవిగా కనిపిస్తాయి. మెట్ల వరుస తర్వాత స్థిరపడింది. పైగా ఆ వరుస ప్రధానంగా ద్విజ పురుషుల్ని దృష్టిలో పెట్టుకుని రాసింది. మన ఇళ్లలో ఆడవాళ్ల జీవితాలు, చాలా కులాల జీవితాలు అందులో కనిపించవు. ఎరిక్సన్ మీద కూడా దాదాపు ఇదే విమర్శ వచ్చింది. హార్వర్డ్‌లో ఆయనతో కలిసి పనిచేసిన కారల్ గిల్లిగన్ 1982లో, ఈ సిద్ధాంతాలు మగవాళ్ల ఎదుగుదలనే కొలబద్దగా తీసుకున్నాయని రాసింది. చాలామంది అమ్మాయిలకి "నేనెవరు", "నా వాళ్లెవరు" అనేవి విడివిడి ప్రశ్నలు కావు. కాబట్టి ఈ వయసులు, వరుసలు రైలు టైమ్‌టేబుల్ కాదు. దారి పొడుగునా ఉన్న మైలురాళ్లు అనుకుంటే చాలు.

ఈ వారం ఒక చిన్న పని

మన గొడవల్లో చాలావరకు, ఒకరి ప్రశ్నకి ఇంకొకరి జవాబు ఇవ్వడం వల్ల వచ్చేవే. "సెటిల్ అవ్వు" అనేది నాన్న తనకి దొరికిన జవాబు. "రెస్ట్ తీసుకోండి" అనేది పన్నెండు గంటలు ల్యాప్‌టాప్ ముందు కూర్చునే మనకి కావాల్సిన జవాబు. ఇద్దరూ ప్రేమతోనే ఇస్తున్నారు, ఇద్దరికీ సరిపోవడం లేదు.

కాబట్టి జవాబులు పక్కనపెట్టి ప్రశ్నలు మారుద్దాం. చిన్నపిల్లలుంటే రోజుకి ఒక పనైనా వాళ్లంతట వాళ్లని చేసుకోనివ్వండి, లేటైనా సరే. అమ్మనో నాన్ననో "మీకు తెలిసి నాకు తెలియనిది ఒకటి నేర్పించండి" అని అడగండి. పచ్చడి కొలతైనా పర్వాలేదు, పొలం సర్వే నంబర్ చూసే పద్ధతైనా పర్వాలేదు. తాతయ్య, అమ్మమ్మ, నానమ్మల దగ్గర ఫోన్ పక్కన పెట్టి కూర్చుని "ఆ తర్వాత ఏమైంది?" అనండి. ఇక మీకోసం ఒక కాగితం మీద రాసుకోండి: ఇప్పటిదాకా నేను ఎంచుకున్నవి ఏవి, నాకు ఎంచి పెట్టినవి ఏవి. రెండో జాబితా పొడుగ్గా ఉన్నా కంగారు పడొద్దు. అందులోంచి ఒక్కదాన్ని తీసుకుని, ఇప్పుడు అడిగితే దీన్ని ఎంచుకుంటానా అని చూసుకోండి. ఎంచుకుంటాను అనిపిస్తే అది ఆ రోజు నుంచి మీదే.

వచ్చే వీడియోలో షష్టిపూర్తి ఎలా చేస్తారో మొదటి నుంచి చివరిదాకా చూద్దాం. ఉంటానండి, నమస్తే.